చెవిలో హోరు, తగ్గుతున్న వినికిడి: మిషన్ ఎప్పుడు పెట్టించుకోవాలో ఎలా తేల్చుకోవాలి

చెవిలో హోరు మొదలైనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "మిషన్ పెట్టించుకుంటే ఇది పోతుందా?" ఇంట్లోవాళ్లు అనేది ఇంకోటి: "ఇప్పుడే మిషన్ ఎందుకు, ఇంకా వినబడుతోందిగా?" ఈ రెండింటికీ జవాబు సగం మీ ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష కాగితంలో ఉంటుంది. మిగతా సగం మీరు రోజూ పడే ఇబ్బందిలో ఉంటుంది. ఆ రెండూ చూసుకోకుండా కొన్న మిషన్లు ఎన్నో ఇళ్లలో బీరువా అరల్లో పడి ఉన్నాయి. రెండూ చూసుకున్నాక కూడా "ఇంకో ఏడాది చూద్దాంలే" అని వాయిదా వేసేవాళ్లూ తక్కువేం కాదు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉండేవాళ్లు ఈ విషయంలో ఏ వరసలో వెళ్లాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ అస్సలు ఆలస్యం చేయకూడదో రాస్తున్నాను. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసినవారు. ఆయన్ని వెంటబెట్టుకుని తిరిగినప్పుడు తెలుసుకున్నవి కూడా ఇందులో ఉన్నాయి.

ముందు ఈ లక్షణాలు లేవని చూసుకోండి

కొన్ని లక్షణాలు కనబడితే మిషన్ మాట పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది, ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోవడం. పొద్దున లేచేసరికో, రెండు మూడు రోజుల్లోనో ఒక చెవి మూసుకుపోయినట్టై, దాంతోపాటు హోరు మొదలైతే, జలుబు వల్లేమోనని చుక్కల మందు వేసుకుంటూ కూర్చోకండి. అది లోపలి చెవి దెబ్బతినడం వల్ల కావచ్చు. అలాంటప్పుడు స్టెరాయిడ్ మందులు ఇస్తారు. మొదటి రెండు వారాల్లోపు, అందులోనూ ఎంత తొందరగా మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. ఆదివారమైనా, పండగైనా సరే, ప్రైవేటు క్లినిక్‌లు మూసి ఉంటే గుంటూరులోనో విజయవాడలోనో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. వారం తర్వాత ‘మిషన్ పెట్టించుకుందాం’ అని వెళ్తే, మందుతో తిరిగొచ్చే వినికిడిని కూడా పోగొట్టుకునే ప్రమాదముంది.

హోరు ఒక్క చెవిలోనే ఉండి పోకపోవడం, గుండె కొట్టుకునే లయలోనే చెవిలో ‘దబ్ దబ్’ మనడం, హోరుతో పాటు కళ్లు తిరిగి గది గిర్రున తిరిగినట్టు ఉండటం, చెవి నుంచి చీము కారడం, ముఖం ఒక పక్కకి వంకర పోవడం, తలకి దెబ్బ తగిలాక మొదలవడం కూడా ముందు డాక్టర్ తేల్చాల్సినవే. ముఖం వంకర పోతే అదే రోజు వెళ్లాలి. ఒక పక్క చెవిలోనే హోరు ఉంటే, లేదా రెండు చెవుల వినికిడిలో బాగా తేడా ఉంటే, సాధారణంగా ఎంఆర్ఐ రాస్తారు. వినికిడి నరం దగ్గర గడ్డ ఉందేమో చూడటానికి అది. అలాంటి గడ్డలు అరుదు, ఉన్నా చాలావరకు క్యాన్సర్ కానివే. టెన్షన్ పడక్కర్లేదు గానీ ఆ స్కాన్ ఎగ్గొట్టకండి.

ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రాసుకోండి

డాక్టర్ గదిలో మీకు దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో "సరిగ్గా వినబడటం లేదండీ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే ముందు ఒక వారం పాటు గమనించి రాసుకోండి. టీవీ సౌండ్ అంకె ఎంత పెడుతున్నారు, ఇంట్లో మిగతావాళ్లు ఎంత చాలంటున్నారు. ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటున్నారు, ఇదివరకు ఏ చెవికి పెట్టుకునేవారు. ఎదురుగా ఉన్న మనిషి మాట అర్థమవుతోందా, పక్క గదిలోంచి పిలిస్తే అర్థమవుతోందా. మగవాళ్ల గొంతు తేలిగ్గా అందుతూ, చిన్నపిల్లల మాట, ఆడవాళ్ల మాట జారిపోతున్నాయా. పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో మైకులో ప్లాట్‌ఫాం నంబరు చెబితే పట్టుకోగలుగుతున్నారా, లేక పక్కనున్నాయన్ని అడుగుతున్నారా.

హోరు గురించి వేరే పేజీ పెట్టండి. ఏ చెవిలో, ఎలాంటి శబ్దం: కీచురాయిలా సన్నగానా, గాలి హోరులానా, కుక్కర్ ఆవిరిలానా. ఏ వేళ ఎక్కువ. నిద్ర పట్టనిస్తోందా. బాగా గోల ఉన్న చోటికి వెళ్లొచ్చాక పెరుగుతోందా. హోరు (ఇంగ్లీషులో టిన్నిటస్) ఎంత ఇబ్బంది పెడుతోందో చూసే టిన్నిటస్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ అని 25 ప్రశ్నల పత్రం ఉంటుంది, వీలైతే వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్ట్‌ని అడిగి నింపండి. ‘అవును’కి 4, ‘అప్పుడప్పుడు’కి 2, ‘లేదు’కి 0 చొప్పున నూటికి స్కోరు వస్తుంది. ఆ స్కోరు ఇప్పుడు రాసి దాచుకుంటే, రేపు మిషన్ ట్రయల్ అయ్యాక మళ్లీ నింపి పోల్చుకోవచ్చు. "కొంచెం తగ్గినట్టుంది" అనుకోవడానికి, అంకె తగ్గడానికి చాలా తేడా ఉంది.

మీకు తెలియకుండానే మీరు తప్పించుకుంటున్న సందర్భాలు ఇంట్లోవాళ్లకి తెలుస్తాయి. పెళ్లిళ్లలో పక్కకెళ్లి కూర్చోవడం, ఫోన్ మోగితే కోడలి చేతికివ్వడం, అందరూ నవ్వితే తోడుగా నవ్వేయడం. వాటిని వాళ్లనే రాయమనండి. పరీక్షకి వెళ్లేటప్పుడు కూడా ఒకర్ని తోడు తీసుకెళ్లండి.

ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర

విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వెళ్తే ఈఎన్‌టీ క్లినిక్‌లు బోలెడు. మిషన్ల షాపుకి ముందు కాకుండా డాక్టర్ దగ్గరికి ముందు వెళ్లడానికి కారణముంది. చాలామందికి చెవిలో గులిమి గట్టిపడి అడ్డుపడటం వల్లే వినికిడి తగ్గి హోరు వస్తుంది. అది తీసేస్తే సగం పని అయిపోతుంది. కర్ణభేరికి రంధ్రం, మధ్య చెవిలో నీరు, చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోవడం లాంటివి మందుతోనో ఆపరేషన్‌తోనో బాగయ్యే రకాలు. ఇవేవీ చూడకుండా షాపులో కూర్చోబెట్టి మిషన్ తగిలిస్తే, నయమయ్యే జబ్బుకి జీవితాంతం ఖర్చు పెట్టినట్టవుతుంది.

వాడే మందులన్నీ చీటీ మీద రాసుకెళ్లండి. కొన్ని ఇంజెక్షన్లు, ముఖ్యంగా జెంటామైసిన్ లాంటివి, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ చెవి మీద ప్రభావం చూపిస్తాయి. మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి, డాక్టర్‌కి చెప్పండి చాలు. బీపీ, షుగర్, థైరాయిడ్, రక్తహీనత సంగతి కూడా చెప్పండి. పిన్నీసుతో, అగ్గిపుల్లతో చెవి కెలకడం, వెచ్చటి నూనె పోయడం మన ఇళ్లలో అలవాటు. కర్ణభేరికి రంధ్రముంటే ఆ నూనె నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. ఆ అలవాటు ఈ రోజే మానేయండి.

ఆడియోగ్రామ్ ఎలా చేయించాలి, ఎలా చదవాలి

ఈ కాగితం మీద కాస్త ఎక్కువ సేపు కూర్చోండి. నిర్ణయమంతా దీని మీదే నిలబడుతుంది.

పరీక్షకి ముందు రోజు పెద్ద శబ్దాల్లో ఉండకండి. ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులోనో, గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లులోనో, జిన్నింగ్ మిల్లులోనో పనిచేసేవాళ్లు షిఫ్టు దిగి నేరుగా వెళ్తే, తాత్కాలికంగా మొద్దుబారిన చెవిని కొలిచినట్టవుతుంది. సెలవు రోజు తర్వాత, డ్యూటీ ఎక్కకముందు వెళ్లడం మంచిది. శబ్దం రాని గదిలో, అంటే సౌండ్‌ప్రూఫ్ బూత్‌లో పరీక్ష చేస్తున్నారో లేదో చూడండి. షాపు ముందు గదిలో, బయట ఆటోల హారన్లు వినబడుతుండగా చేసే ‘ఉచిత పరీక్ష’ ఎందుకూ పనికిరాదు.

హోరు ఉన్నవాళ్లకి బూత్‌లో ఒక చిక్కు ఎదురవుతుంది. హెడ్‌ఫోన్‌లో వచ్చే సన్నటి శబ్దం ఏదో, చెవిలో తనంతట తాను మోగే శబ్దం ఏదో తేల్చుకోలేరు. మా నాన్నగారు బటన్ నొక్కాలా వద్దా అని చేయి అలాగే గాల్లో పెట్టుకుని కూర్చునేవారు. ఆడియాలజిస్ట్ అది గమనించి, ఏకధాటిగా కాకుండా ‘టిక్ టిక్ టిక్’ అని ఆగి ఆగి వచ్చే శబ్దాలతో మళ్లీ చేశాక పరీక్ష సాఫీగా నడిచింది. మీకూ అలాంటి అయోమయం ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, ఆగి ఆగి వచ్చే శబ్దం పెట్టమని అడగండి.

ఇక కాగితం. అడ్డంగా పైన 250 నుంచి 8000 దాకా హెర్ట్జ్ అంకెలుంటాయి. ఎడమ వైపు లావు శబ్దాలు, కుడి వైపుకి పోయేకొద్దీ సన్నటివి. నిలువుగా డెసిబెల్స్. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం రంగు ఇంటూ గుర్తులు ఎడమ చెవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల దగ్గరి అంకెల సగటు 20 కన్నా తక్కువుంటే మామూలు వినికిడి. 20 నుంచి 35 లోపు స్వల్ప లోపం, 35 నుంచి 50 లోపు ఓ మోస్తరు, 50 నుంచి 65 లోపు ఓ మోస్తరు కన్నా ఎక్కువ, 65 దాటితే తీవ్రం. కొన్ని క్లినిక్‌లు ఇంకా పాత లెక్క వాడతాయి, అందులో 25 దాకా మామూలే. అందుకే రిపోర్టులో ‘మైల్డ్’, ‘మోడరేట్’ అన్న పేరు మాత్రమే కాకుండా అంకె కూడా చూడండి.

సగటు ఒక్కటే చూస్తే మోసపోతారు. చాలామందికి 250, 500 దగ్గర గీత పైనే ఉండి, 2000 దాటాక జారిపోతుంది. శబ్దాల మధ్య పనిచేసినవాళ్లకి 4000 దగ్గర గుంట పడినట్టు దిగి, 8000 దగ్గర కాస్త లేస్తుంది. ఇలాంటి చెవికి మాట గట్టిగానే వినబడుతుంది గానీ స్పష్టత ఉండదు. అచ్చుల బలం లావు శబ్దాల్లో ఉంటుంది, ‘ప’, ‘క’, ‘చ’, ‘త’, ‘స’ల గుర్తులు మాత్రం సన్నటి శబ్దాల్లో ఉంటాయి. "పాలు", "కాలు", "చాలు" మూడూ ఒకటే అనిపిస్తాయి. "మామయ్యగారూ, అన్నం చాలా?" అని కోడలు అడిగితే ఆయన "పాలా? ఇప్పుడొద్దమ్మా" అంటారు. ఇంట్లోవాళ్లు ఆయనకి మతిమరుపు మొదలైందనుకుంటారు. "వినబడుతుంది గానీ అర్థం కాదు" అనే మాట మీ నోటి నుంచి వస్తోందంటే ఈ కుడి వైపు జారుడే కారణం కావచ్చు.

మాటల పరీక్ష కూడా చేయమని అడగండి. తెలుగు మాటలు వినిపించి ఎన్ని సరిగ్గా తిరిగి చెప్పారో శాతంలో రాస్తారు. ఈ శాతం బాగుంటే మిషన్‌తో బాగా లాభపడతారు. బాగా తక్కువుంటే మిషన్ శబ్దాన్ని పెంచుతుంది గానీ స్పష్టతని పూర్తిగా తేలేదు. ఆ సంగతి డబ్బు కట్టకముందే తెలియాలి. కర్ణభేరి, మధ్య చెవి కదలికని చూసే ఇంపీడెన్స్ పరీక్ష కూడా మామూలుగా దీంతోపాటే చేస్తారు.

హోరు స్వరం, గట్టిదనం ఎంతో కూడా కొలవొచ్చు. ఇక్కడ చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. రాత్రంతా నిద్రపోనివ్వని హోరు కొలతలో చాలాసార్లు మీ వినికిడి హద్దు కన్నా కొద్ది డెసిబెల్స్ మాత్రమే ఎక్కువుంటుంది. అంటే బాధ అబద్ధమని కాదు. శబ్దం చిన్నదైనా మెదడు దాని మీదే ధ్యాస పెట్టడం వల్ల బాధ పెద్దదవుతుంది. చికిత్స ఆ ధ్యాస మీద కూడా పనిచేయాలని దీన్నిబట్టి అర్థమవుతుంది.

హోరుకి మిషన్ ఎలా పనిచేస్తుంది

లోపలి చెవిలోని సన్నటి రోమకణాలు దెబ్బతిని మెదడుకి వెళ్లే సమాచారం తగ్గినప్పుడు, మెదడు ఆ లోటు పూడ్చడానికి తన వాల్యూమ్ తనే పెంచుకుంటుందని, దాని వల్లే హోరు పుడుతుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. స్టేషన్ సరిగ్గా దొరకని రేడియోకి వాల్యూమ్ పెంచితే గరగర పెరిగినట్టు. మిషన్ పెట్టుకుంటే బయటి శబ్దాలు మళ్లీ లోపలికి వెళ్తాయి. ఫ్యాను, చెట్ల ఆకులు, వీధిలో మాటలు హోరుకి పోటీ వస్తాయి. మాట వినడానికి పడే ప్రయాస, అలసట తగ్గుతాయి. దాంతో హోరు మీద ధ్యాస తగ్గుతుంది.

మిషన్ హోరుని నయం చేయదు. తీసేసిన రాత్రి హోరు మళ్లీ వినబడవచ్చు. "ఏడు రోజుల్లో హోరు మాయం" అనే చుక్కలు, నూనెలు, పొడుల ప్రకటనలు నమ్మకండి. ఎంతో ప్రచారమున్న జింకో బిలోబా మాత్రల్ని కూడా అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లో హోరుకి వద్దనే చెప్పింది.

ఇప్పుడు తేల్చుకోండి

బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ వైద్య సంస్థ 2020లో హోరు మీద మార్గదర్శకాలు ఇచ్చింది. దాని సారం మనకీ సరిగ్గా సరిపోతుంది. హోరుతో పాటు మాటలు అందని స్థాయిలో వినికిడి లోపం ఉంటే మిషన్ ఇవ్వాలి. లోపం ఉండి, మాటలు అందడంలో ఇబ్బంది లేకపోతే ఇచ్చి చూడొచ్చు. వినికిడి బాగుండి హోరు మాత్రమే ఉంటే మిషన్ ఇవ్వకూడదు.

మీ పరిస్థితికి అన్వయించుకుంటే ఇలా. సగటు 35 దాటి, ఇంట్లో మాటలు జారిపోతుంటే ఆలోచించేదేం లేదు, హోరు ఉన్నా లేకపోయినా ట్రయల్‌కి వెళ్లండి. సగటు 20, 35 మధ్య ఉండి హోరు మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంటే కూడా ట్రయల్‌కి వెళ్లమనే నా మాట. హోరు లేకపోయి ఉంటే ఆగినా ఆగొచ్చేమో గానీ, హోరు ఉంది కాబట్టి మీకు రెండు లాభాలూ దక్కే అవకాశముంది. సగటు మామూలుగానే ఉండి 3000, 4000 దగ్గర మాత్రమే జారితే, చెవి రంధ్రాన్ని మూసేయకుండా లావు శబ్దాల్ని నేరుగా రానిచ్చే ఓపెన్ డోమ్ రకం పెట్టి చూడమని అడగండి (డోమ్ అంటే చెవి రంధ్రంలో కూర్చునే మెత్తటి మొన). హోరు స్వరం మరీ సన్నదై, మిషన్ పెంచగలిగిన శబ్దాల కన్నా పైనుంటే హోరు విషయంలో లాభం తక్కువగా ఉండొచ్చు. అది ట్రయల్‌లోనే బయటపడుతుంది.

ఆడియోగ్రామ్ పూర్తిగా మామూలుగా ఉంటే మిషన్ కొనకండి, ఎవరు చెప్పినా సరే. అలాంటివాళ్లకి నిద్ర సరిచేసుకోవడం, గది పూర్తి నిశ్శబ్దంగా లేకుండా చిన్న శబ్దం పెట్టుకోవడం, హోరు గురించిన భయాన్ని, ఆలోచనల్ని మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్ పనిచేస్తాయి. సీబీటీ వినికిడి లోపం ఉన్నవాళ్లకీ మిషన్‌తో పాటు పనికొస్తుంది. హోరు వల్ల బతుకు మీదే విరక్తి కలిగే స్థాయికి వస్తే ఆడియోగ్రామ్ కోసం కూడా ఆగకండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

వాయిదా వేయకపోవడానికి ఇంకో కారణం చెబుతాను. మిషన్ అలవాటు కావడానికి మెదడుకి ఓపిక కావాలి, చిన్న బటన్లు నొక్కడానికి వేళ్లకి పట్టు కావాలి. అరవైల్లో తేలిగ్గా అయ్యే పని ఎనభైల్లో కష్టమవుతుంది. పైగా మతిమరుపు జబ్బు విషయంలో మనం తగ్గించుకోగలిగిన 14 కారణాలని 2024లో లాన్సెట్ కమిషన్ జాబితా ఇస్తే, వినికిడి లోపం అందులో ఉంది. మిషన్ పెట్టుకుంటే మతిమరుపు రాదని దాని అర్థం కాదు. మనిషి మాటల్లో, మనుషుల్లో ఉండటం ఎంత ముఖ్యమో మాత్రం తెలుస్తుంది.

ట్రయల్ లేకుండా కొనకండి

షాపులోని ఏసీ గదిలో ఆడియాలజిస్ట్ ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే ఏ మిషన్ అయినా అద్భుతంగానే ఉంటుంది. అందుకే ఇంటికి తీసుకెళ్లి వాడే ట్రయల్ అడగండి, కనీసం వారం పది రోజులు. డిపాజిట్ కట్టమంటే కట్టండి, కానీ నచ్చకపోతే ఎంత తిరిగిస్తారో బిల్లు మీద రాయించుకోండి. నోటిమాటగా "చూసుకుందాంలెండి సార్" అంటే ఒప్పుకోకండి.

మిషన్ అమర్చేవారు క్వాలిఫైడ్ ఆడియాలజిస్టేనా అని చూడండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే తప్పేం లేదు, అసలైనవాళ్లు గోడ మీదే పెట్టుకుంటారు. మీ ఆడియోగ్రామ్ ప్రకారం కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేయాలి. చెవిలోకి సన్నటి గొట్టం పెట్టి శబ్దం కర్ణభేరి దాకా ఎంత చేరుతోందో కొలిచే రియల్ ఇయర్ మెజర్‌మెంట్ సదుపాయం ఉన్న చోటు దొరికితే అక్కడికే వెళ్లండి. హోరు సంగతి ప్రత్యేకంగా చెప్పండి. మామూలుగా మిషన్ చిన్న చిన్న నేపథ్య శబ్దాల్ని అణిచేస్తుంది. హోరు ఉన్నవాళ్లకి ఆ చిన్న శబ్దాలే మందు కాబట్టి సెట్టింగ్ మార్చాల్సి రావచ్చు. కొన్ని మిషన్లలో వాన జల్లులాంటి శబ్దాన్ని తనే పుట్టించే సదుపాయమూ ఉంటుంది. అవసరమైతేనే ఆన్ చేయించుకోండి. దానికోసమే ఖరీదు పెంచుకోవాల్సిన పని లేదు.

ట్రయల్ రోజుల్లో ఇంట్లోనే కూర్చోకండి. సాయంత్రం బీసెంట్ రోడ్డులో నడుస్తూ పక్కనున్నవాళ్లతో మాట్లాడండి. గుంటూరువాళ్లు అరండల్‌పేటలో ఏదైనా రద్దీ టిఫిన్ హోటల్లో కూర్చుని చూడండి. సర్వర్ గబగబా చదివే లిస్టు అందుతోందా? బస్టాండ్ మైకు? గుళ్లో అర్చన చేసేటప్పుడు పూజారిగారు గోత్రం అడిగితే? ఫోన్‌లో మనవరాలి గొంతు? మీరు వారం పాటు రాసుకున్న నోట్‌బుక్ బయటికి తీసి, అవే ప్రశ్నలకి మళ్లీ జవాబులు రాయండి. హోరు పేజీలో సాయంత్రం అయ్యేసరికి ఎలా ఉందో, మిషన్ తీశాక గంటలో ఎలా ఉందో రాయండి. 25 ప్రశ్నల పత్రం మళ్లీ నింపండి.

రెండు చెవుల్లోనూ లోపం ఉంటే రెండింటికీ పెట్టి చూడండి. మాట ఎటు నుంచి వస్తోందో తెలియాలన్నా, గోలలో మాట పట్టుకోవాలన్నా రెండు కావాలి. డబ్బు సరిపోనప్పుడు ఖరీదైనది ఒక్కటి కొనే బదులు మామూలువి రెండు కొనడం మేలని నా అభిప్రాయం.

డబ్బు దగ్గర

మంచి డిజిటల్ మిషన్ ఒక్కో చెవికి పది పదిహేను వేల నుంచి లక్ష పైదాకా ఉంటుంది. మిషన్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. చానల్స్ సంఖ్య, అంటే మిషన్ శబ్దాన్ని ఎన్ని భాగాలుగా విడదీసి సరిచేస్తుందో ఆ అంకె, చూపించి ధర పెంచుతుంటారు. ఇంట్లో టీవీ చూస్తూ నలుగురితో మాట్లాడుకునే పెద్దవాళ్లకి మధ్య రకం చాలు. రోజూ మీటింగుల్లో, క్లాసుల్లో, దుకాణంలో మాట్లాడేవాళ్లు గోలలో మాట విడదీసే రకానికి ఇంకాస్త పెట్టొచ్చు. చెవిలోకి పూర్తిగా దూరిపోయే చిన్న మిషన్ కనబడదని చాలామంది దానికే మొగ్గుతారు. కానీ వేళ్లు వణికే పెద్దవాళ్లకి దాని బ్యాటరీ మార్చడం నరకం. వాళ్లకి చెవి వెనక పెట్టుకునే, చార్జింగ్ పెట్టుకునే రకం హాయి.

ఆన్‌లైన్‌లో వెయ్యి రెండు వేలకి దొరికేవి చాలావరకు ఉత్త శబ్దం పెంచే పెట్టెలు. మీ ఆడియోగ్రామ్‌తో వాటికి సంబంధం లేదు. పాలు పొంగే చప్పుడునీ లారీ హారన్‌నీ ఒకే లెక్కన పెంచి చెవిలో పోస్తాయి.

వారంటీ ఎన్నేళ్లు, మీ ఊళ్లోనే రిపేరు చేస్తారా లేక హైదరాబాద్ పంపిస్తారా, పంపితే అప్పటిదాకా వేరే మిషన్ ఇస్తారా, సెట్టింగ్ మార్పులకి ఎన్నిసార్లు ఉచితంగా చూస్తారు, గులిమిని ఆపే ఫిల్టర్లు, డోములు ఎంత. ఇవి అడగండి.

ఖర్చు భరించలేనివాళ్లకి రెండు ప్రభుత్వ దారులున్నాయి. కనీసం 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉంటే కేంద్రం నడిపే ఆడిప్ పథకం కింద, ఆదాయ పరిమితికి లోబడి, మిషన్ ఇస్తారు. మన రాష్ట్రంలో ఆ పత్రం సదరం శిబిరంలో ఇస్తారు, ముందుగా స్లాట్ తీసుకోవాలి. 60 ఏళ్లు దాటిన పేదవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైన పథకం అది, చేతికర్రలు, కళ్లజోళ్లతో పాటు వినికిడి మిషన్లు కూడా ఇస్తుంది. శిబిరాలు ఎప్పుడు పెడతారో కలెక్టరేట్‌లోని దివ్యాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖలో కనుక్కోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నుంచి లోపమున్నవాళ్లనే వినికిడి వైకల్యం కింద లెక్కిస్తుంది. అంతకన్నా తక్కువున్నవాళ్లు సదరం కోసం తిరిగి నెలలు పోగొట్టుకోకండి. 60 డెసిబెల్స్ లోపే మిషన్ అవసరమైనవాళ్లు బోలెడుమంది.

మొదటి నెల

మొదటి రోజు స్టీలు గ్లాసు గట్టు మీద పెట్టిన చప్పుడుకి ఉలిక్కిపడతారు. ఫ్యాను ఇంత గోల చేస్తుందా అనిపిస్తుంది. మీ గొంతు మీకే డ్రమ్ములోంచి వచ్చినట్టు ఉంటుంది. మెదడు ఏళ్ల తర్వాత ఆ శబ్దాల్ని వింటోంది కాబట్టి అలా ఉంటుంది. మొదట రోజుకి మూడు నాలుగు గంటలు, నెమ్మదైన ఇంట్లో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో మెలకువగా ఉన్నంతసేపూ పెట్టుకునే దాకా పెంచండి. హోరు ఉన్నవాళ్లకి అప్పుడప్పుడూ పెట్టుకుంటే లాభం తక్కువ. రోజంతా పెట్టుకుంటేనే మెదడు ఆ శబ్దాలకి అలవాటు పడుతుంది. కీచుమని ఈల వేస్తే డోమ్ వదులుగా ఉన్నట్టు, లేదా చెవిలో గులిమి ఉన్నట్టు. పెట్టె సర్దేయకుండా వెనక్కి తీసుకెళ్లి సరిచేయించండి. రెండు మూడుసార్లు సెట్టింగ్ మార్చడం మామూలే.

రాత్రి మిషన్ తీశాక గదిని పూర్తి నిశ్శబ్దంగా ఉంచకండి. ఫ్యాను చాలు. చలికాలంలో ఫ్యాను వద్దనుకుంటే ఫోన్‌లో వాన చప్పుడు, హోరుని కప్పేయనంత చిన్నగా పెట్టుకోండి.

మన ఊళ్ల చెమట మిషన్‌కి గట్టి శత్రువు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజూ సాయంత్రం మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, రాత్రికి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. చార్జింగ్ రకానికి ఆరబెట్టే చార్జర్లు కూడా వస్తున్నాయి. తలకి నూనె రాసుకున్నాక, స్నానానికి ముందు తీసేయండి. బ్యాటరీ రకమైతే కొత్త బ్యాటరీ స్టిక్కర్ పీకగానే మిషన్‌లో పెట్టి తలుపు మూసేయకండి. ఆ బ్యాటరీ గాలి తగిలితేనే పనిచేస్తుంది, ఒక నిమిషం బయట ఉంచి పెడితే ఎక్కువ రోజులొస్తుంది. పాత బ్యాటరీలు పిల్లలకి అందనివ్వకండి. మింగితే లోపల కాలుస్తాయి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆడియోగ్రామ్ ఏడాదికోసారి మళ్లీ చేయించండి. పాత కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టి తీసుకెళ్తే కొత్త గీత ఎక్కడ దిగిందో ఆడియాలజిస్ట్ వెంటనే చూసి మిషన్ సెట్టింగ్ మారుస్తారు. ఇప్పటికీ డ్యూటీకి వెళ్తున్నవాళ్లు షెడ్డులో మిషన్ తీసి ఇయర్ మఫ్‌లు పెట్టుకోండి. దీపావళికీ, ఊరేగింపు డీజే ముందు కూడా అంతే.